బారాదరి నుంచి గుంబజుల దాకా, ముల్లు వెంట

మా ఫ్లాట్‌లో ఉత్తరం మూడు చోట్ల ఉంది. హాల్లో దిక్సూచి పెడితే బాల్కనీని చూపిస్తుంది, పడగ్గదిలో మూలకి తిరుగుతుంది, వంటగదిలో మరోలా. వాస్తు చూసుకుందామని కొన్నది అది. సర్వే శాఖలో చేసి రిటైరైన మా మామయ్య చూసి, "స్లాబులో, పిల్లర్లలో అంతా ఇనుమేగా, ముల్లేం చేస్తుందిరా? ఆదివారం గోల్కొండకి పద" అన్నారు.

గేటు తెరవగానే ఎక్కడం మొదలుపెట్టాం. ఆషాఢం బోనాలు మొదలయ్యే అమ్మవారి గుడి దాటి, గుట్ట కొసన ఉన్న రాజుల మండపం, బారాదరికి చేరాం. కమ్మీకి ఆనుకుని, ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో దిక్సూచి పట్టుకున్నాను. "ఫోను సంచిలో పడేసి, సంచి అక్కడ పెట్టు. కమ్మీకి నాలుగడుగులు ఇవతలికి రా" అన్నారు మామయ్య. వచ్చాను. ముల్లు నా కళ్లముందే పక్కకి జరిగి నిలబడింది. మా ఇంటి మూడు ఉత్తరాల సంగతి అప్పుడు అర్థమైంది.

తర్వాత బేరింగ్ తీయడం, అంటే వెళ్లాల్సిన చోటు ఉత్తరం నుంచి కుడివైపుగా ఎన్ని డిగ్రీల్లో ఉందో చూడడం నేర్పారు. దిక్సూచిని ఛాతీ ఎత్తున బల్లపరుపుగా పట్టుకోవాలి. పలక మీది బాణాన్ని వెళ్లాల్సిన చోటికి గురిపెట్టి, ముల్లు ఎర్రకొస లోపలి గీతల మధ్య ఇమిడేదాకా చుట్టూ ఉన్న చక్రం తిప్పాలి. అప్పుడు గీత దగ్గర కనిపించే అంకే మన దారి. తూర్పున మంచులో మసగ్గా ఉన్న చార్మినార్ సుమారు 107 వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధులు, ఉత్తరానికీ వాయవ్యానికీ మధ్య, 335. అయస్కాంతం చెప్పే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ హైదరాబాదులో తేడా సుమారు ఒక డిగ్రీయే కాబట్టి ఇంత దగ్గరి నడకకి లెక్క సవరించక్కర్లేదట.

"ఇప్పుడు దాని మీదే నడు."

కోట ద్వారం బంజారా దర్వాజా బయట ఆ సమాధుల గుంబజులు ఇళ్ల వెనక మాయమయ్యాయి. గల్లీ ఎటు తిరిగినా ఆగి, 335 ఎటుందో చూసుకుని, దానికి దగ్గరగా వెళ్లే దారి పట్టేవాణ్ణి. ఎడమకి జరగాల్సి వస్తే అడుగులు లెక్కపెట్టుకుని, వీలైన చోట అన్నే అడుగులు కుడికి. ఓ బైకు పక్కన నిలబడి చూసినప్పుడు దారి తేడాగా తోచింది. అయిదు డిగ్రీలు తప్పితే కిలోమీటరుకి దాదాపు 87 మీటర్లు పక్కకి పోతాం. ఆ ఇరుకు గల్లీల్లో అంటే వేరే వీధిలో తేలడమే. దూరం జరిగి మళ్లీ చూశాను. మామయ్య వెనకే వచ్చారు గానీ ఒక్క మాట సాయం చేయలేదు. అందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

చివరి మలుపులో గోడ మీదుగా గుంబజు కనిపించినప్పుడు కలిగిన సంతోషం, ఫోను మ్యాప్ చూసుకుంటూ ఎన్ని ఊళ్లు తిరిగినా నాకు కలగలేదు.

1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి అరుగెక్కాం. "వెనక్కి చూడు. ఎంత రావాలి?" అన్నారు మామయ్య.

335లోంచి 180 తీస్తే 155. చక్రం 155కి పెట్టి, ముల్లు కుదిరేదాకా ఒళ్లంతా తిప్పి, తలెత్తాను. బాణానికి ఎదురుగా, గుట్ట కొసన, బారాదరి.