పాతబావి మీది గూళ్లు

రాత్రంతా పడ్డ వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. చాయ్ తాగి, స్కెచ్ పుస్తకం, పెన్సిళ్లు, బైనాక్యులర్స్ సంచిలో వేసుకుని మామ వాళ్ల పాతబావి దగ్గరికి పోయాను. మా ఊళ్లో బోర్లు పడ్డాక ఆ బావి మోటరు తీసేశారు. దేవరకొండ చుట్టుపక్కల ఇలాంటి బావులు ఇంకా చాలానే కనబడతాయి. నీళ్ల మీదికి వాలిన తుమ్మ కొమ్మలకు ఈ శ్రావణంలోనూ గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. పైన ముళ్లు, కింద నీళ్లు. పిల్లి గానీ పాము గానీ అంత తేలిగ్గా చేరలేని చోటు.

గూడు కట్టేది మగపిట్టే. ఈ కాలంలో దాని తల నిండా పసుపు, ముఖం నల్లగా ఉంటుంది. పక్క మడిలో మామ పశువుల మేతకని కాస్త జొన్న వేశాడు. పిట్ట వచ్చి ఆకు అంచును ముక్కుతో కొరికింది. కొరికిన చివర పట్టుకుని లేచేసరికి సన్నటి పోగు సర్రున చీలి వచ్చింది. దాన్ని తెచ్చి ఒక కాలితో అదిమిపట్టి, ముక్కుతో లోపలికి గుచ్చి, ఇటు లాగి, అటు దూర్చి, మళ్లీ లాగింది. పచ్చి పోగు కాబట్టి వంగుతుంది, ఎండాక బిగుసుకుంటుంది. గంటసేపు అదొక్కటే చూశాను. పుస్తకంలో నాలుగైదు కాళ్లు, ఒక ముక్కు తప్ప ఏమీ గీయలేదు, గీయాలనీ అనిపించలేదు. చెయ్యి ఆడటానికి ముందు కన్ను నిండాలి.

సగం కట్టిన గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది. అక్కడితో పని ఆపి మగపిట్ట రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని పోగులు లాగి చూస్తుంది. నచ్చితేనే మిగతా గది, కింద వేలాడే పొడుగు గొట్టం కడతాడు. నచ్చకపోతే చాలాసార్లు ఆ గూడు అట్లే మిగిలిపోతుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరాన అలీబాగ్ దగ్గరి కిహీమ్‌లో ఈ పిట్టల్నే రోజుల తరబడి గమనించి, ఒక గూట్లో ఆడపిట్ట కుదురుకోగానే మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని రాశాడు. ఆ మరుసటి ఏడే ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. మన నల్లమలకూ వచ్చాడు. మన్ననూరు దాటి ఫరహాబాద్ దారిలో పోయినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చి సంతోషమేస్తుంది.

నాకు పిట్టలు మాత్రం పుస్తకాల్లోంచి రాలేదు, మంచె మీది నుంచి వచ్చాయి. చిన్నప్పుడు పచ్చజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో నాయనమ్మ వెంట చేను కావలికి పోయేదాన్ని. చేతిలో వడిసెల, ఒళ్లో రాళ్లు. చిలకల గుంపు దిగితే ఒకటే అరుపులు. నాయనమ్మ మాత్రం రాయి విసిరే ముందు చూపించేది. "సూడు బిడ్డా, ఎగిరేముందు పిట్ట కాళ్లు మలుసుకోని కిందికి కుంగుతది, అప్పుడు లేస్తది" అనేది. బొమ్మ వేసేటప్పుడు ఇప్పటికీ నేను ముందు చూసేది ఆ కుంగడమే. అది పట్టుబడకపోతే ఎన్ని ఈకలు గీసినా పిట్ట కొమ్మకు అంటించినట్టే ఉంటుంది.

అరుగులకు పూయగా మిగిలిన జాజు ఎర్రరంగు, సున్నం నీళ్లు నాయనమ్మ నాకే వదిలేది. నలుపుకు పెంక అడుగున మసి ఉండనే ఉంది. గిజిగాడి తలకు వంటింట్లో పసుపు తెచ్చేదాన్ని. ఎండ పడే గోడ మీద ఆ పసుపు కొన్నాళ్లకే వెలిసిపోయేది, జాజు మాత్రం అట్లే నిలిచేది. గిజిగాడు మిణుగురు పురుగును తెచ్చి గూట్లో మట్టిలో అతికించి దీపం పెట్టుకుంటుందని కూడా ఆమే చెప్పింది. గూడు లోపల తడి మట్టి అద్దడం నేను కళ్లారా చూశాను. మిణుగురు మాత్రం ఎప్పుడూ కనబడలేదు. అయినా ఆ కథంటే నాకు ప్రేమే.

ఇప్పుడు మా వైపు ఎటు చూసినా పత్తి. పత్తి చేనుకు మంచె అక్కర్లేదు, గిజిగాడికి పత్తాకుతో పనీ లేదు. జొన్న మడి పోతే పిట్టకు గింజతో పాటు గూటి పోగు కూడా కరువవుతుంది. పైగా మామ ఈ మధ్య బావి పూడ్పించాలని చూస్తున్నాడు, పశువులు పడతాయని భయం. ఆయన భయమూ నిజమే. ఇయ్యాల కూడా అదే మాట ఎత్తాడు.

"ఏం బిడ్డా, మళ్లొచ్చినవా? ఇంకా బొమ్మ గాలేదా?"

"కాలేదు మామా. కొన్ని గూళ్లల్ల పిల్లలున్నయి. అవి ఎగిరిపోయేదాక ఆగరాదు?"

"ఆగుత తియ్. పిల్లలున్న ఇల్లు కూలగొడతమా?"

పూడ్చే బదులు చుట్టూ కంచె వేస్తే ఎంతవుతుందో కనుక్కుంటానని చెప్పాను. సిమెంటు కడీలు, ముళ్లతీగ నేను తెప్పిస్తానంటే, సరే చూద్దామన్నాడు.

మధ్యాహ్నం తిన్నాక పెద్ద కాగితం ముందు కూర్చున్నాను. అందరూ పసుపు తల మగపిట్టనే వేయమంటారు. ఈసారి ఆడపిట్టనే మధ్యలో పెడుతున్నాను. వీపు మీద ముదురు చారలు, మట్టి రంగు రెక్కలు, చూడగానే పిచ్చుక అనుకుంటారు. గూడు ఉండాలో వద్దో తేల్చేది ఆమే. గుడ్లు పొదిగేదీ ఆమే. ఆ గోధుమ రంగులో ఎన్ని ఛాయలున్నాయో కలపబోతే గానీ తెలియలేదు. డబ్బాల్లోని రంగు ఏదీ కుదరక, చివరికి జాజు రాయి నూరి గోందుతో కలిపి వేశాను. రెక్క దగ్గర సరిగ్గా కుదిరింది. తోక రేపు వేయాలి. కడీల ధర అడగడానికి పొద్దున్నే దేవరకొండ బస్సెక్కాలి.