నిమ్మకాయలు తొక్కించాం, డిప్‌స్టిక్ మాత్రం తీయలేదు

కారు కొన్న రోజు మేం చేసిన మొదటి పని విజయవాడ దుర్గగుడి దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించడం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద కుంకుమ, పూలదండ, అన్నీ అయ్యాయి. ఆ బానెట్ ఎత్తి లోపల ఏముందో చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకు అసలు బానెట్ లీవర్ ఎక్కడుందో కూడా అప్పటికి తెలీదు.

2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏపీ 16 రిజిస్ట్రేషన్, మీటర్లో 68 వేల కిలోమీటర్లు. అమ్మినాయన చాలా మర్యాదస్తుడు. "అన్నీ చేయించేశానండీ, పెట్రోల్ పోసుకుని తిరగడమే" అన్నాడు. సర్వీస్ బిల్లులు అడిగితే ఇల్లు మారినప్పుడు పోయాయన్నాడు. నేను బడిపంతుల్ని, హోంవర్క్ పుస్తకం ఇంట్లో మర్చిపోయానని పిల్లలు రోజూ చెప్పే మాటే అది. అయినా నమ్మేశాను, ఎందుకంటే కారు రంగు మా ఆవిడకి నచ్చింది.

పదో రోజున గుంటూరు బయల్దేరాం. మే నెల, మధ్యాహ్నం పన్నెండు, కృష్ణ మీద వారధిపై ట్రాఫిక్ ఆగిపోయింది. ఏసీ గాలి కాస్త వేడిగా వస్తోందేంటా అనుకుంటూ చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకుతోంది. ఎలాగో వారధి దాటించి, పక్కకి తీసి ఆపి, బానెట్ ఎత్తి, చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే వెనక నుంచి ఒక ఆటో అతను కేకేశాడు: "సార్, మూత ముట్టుకోవద్దు, మొహం కాలిపోద్ది!" ఆయన ఎవరో తెలీదు, చెప్పేసి వెళ్లిపోయాడు. తర్వాత అర్థమైంది, అది కుక్కర్ లాంటిదే. లోపల ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా నీళ్లు మరగకుండా ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై పైకి తంతాయి. ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. ముల్లు పైకి పోతున్నప్పుడు ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెడితే ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేసుకుంటుందట, బండి పక్కకి తీసేదాకా అదొక ఆసరా. మే నెలలో విజయవాడలో హీటర్ పెట్టడమంటే మా ఆవిడ ఒప్పుకునేది కాదులెండి.

గంట చల్లార్చి, నీళ్లు పోసి, ముల్లు చూసుకుంటూ మెల్లగా వెనక్కి, మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్ వచ్చాం. మెకానిక్ రిజర్వ్ ట్యాంకులోకి టార్చి కొట్టి చూసి, "మాస్టారూ, ఇది కూలెంట్ కాదు, డికాక్షన్" అన్నాడు. నిజంగానే తుప్పు రంగు. కూలెంట్ అంటే ఇంజిన్ చల్లబడటానికి రేడియేటర్లో పోసే ద్రవం. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు దండగ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. గడ్డకట్టకుండా ఉంచడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. లోపల తుప్పు పట్టకుండా, నీళ్లు తొందరగా మరగకుండా చూడటమే మనకి ముఖ్యం. ఉత్త బోరు నీళ్లు పోస్తే బిందెలో తెల్లగా పేరుకున్నట్టే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. మొత్తం కడిగించి, కొత్త మూత, ఒక హోసు, థర్మోస్టాట్, కూలెంట్, అన్నీ కలిపి నాలుగు వేల పైన అయింది. ఆకుపచ్చదా ఎర్రదా అని రంగు చూసి కొనొద్దని, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు కలుపుతుందని, మాన్యువల్‌లో ఏ రకం రాసుందో అదే పోయాలని చెప్పాడు. నీళ్లు కలిపి అమ్మేది కాకుండా చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, కుళాయి నీళ్లు కలిపితే మళ్లీ మొదటికే.

మాన్యువల్ మన దగ్గర ఎక్కడిది! కంపెనీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దొరికింది, రెండు రాత్రులు కూర్చుని చదివాను. అప్పుడు ఒక నిర్ణయానికి వచ్చాను. పాతాయన ఏం చేయించాడో ఊహించుకుంటూ కూర్చోవడం కంటే, బిల్లు లేనిది చేయించనట్టే లెక్క వేసుకుని, అన్నిటికీ ఈ రోజునే మొదటి తేదీగా రాసుకుందామని. ఒక నోటు పుస్తకం పెట్టాను.

ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు టకటకా కొట్టి 27 వేల ఎస్టిమేట్ ఇచ్చాడు. ఇంజిన్ ఫ్లష్, థ్రోటిల్ క్లీనింగ్, కింద రబ్బరు కోటింగ్, ఏసీకి సువాసన స్ప్రే. "ఇందులో మాన్యువల్‌లో ఉన్నవి ఏవి బాబూ?" అని అడిగితే కాసేపు స్క్రీన్ వైపు చూశాడు. నమస్కారం పెట్టి మళ్లీ ఆటోనగర్‌కే వచ్చాను.

ఇంజిన్ ఆయిల్ కొట్లో "పాత బండి కదా, చిక్కటిది 20డబ్ల్యూ-50 పోయించండి" అన్నారు. మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పల్చటి ఆయిలే గబుక్కున పైదాకా ఎక్కుతుంది, ఇంజిన్ తక్కువ అరుగుతుంది. పుస్తకంలో ఉన్నదే పోయించాను. ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చాలి, పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అది. నాలాగా బడికీ ఇంటికీ తిరిగేవాళ్లకి ఏడాదే ముందొస్తుంది. ఇంజిన్లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్లే డిప్‌స్టిక్. డిప్‌స్టిక్ చూడటం అయిదు నిమిషాల పని: చదునైన చోట బండి ఆపి, కాసేపు ఆగి, పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి, తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడ్డాను కానీ ఒట్టి నలుపుకి భయపడక్కర్లేదట. మజ్జిగలా తెల్లగా నురగగా ఉంటే మాత్రం కూలెంట్ కలిసిందేమోనని చూపించుకోవాలి. నాకు అది లేదు, బతికిపోయాను.

ఇంజిన్లో వాల్వుల్ని సమయానికి తెరిచి మూయించేది టైమింగ్ బెల్టా చెయినా అన్నది నా అసలు టెన్షన్. బెల్టు గనక తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. నాది చెయిన్ అని తేలింది. ఆ పూట మెకానిక్‌కీ నాకూ అల్లం టీ నేనే చెప్పాను.

టైర్ల దగ్గర మళ్లీ మోసపోయాను, కాదు, నేను చూసుకోలేదు. వెనక రెండిటికీ గాడి లోతుగా ఉంది కదా అని సంతోషపడ్డాను. మెకానిక్ టైరు పక్కన గుడ్డుఆకారపు గడిలో నాలుగు అంకెలు చూపించాడు: 1715. అంటే 2015లో పదిహేడో వారం, బండితో పాటు వచ్చినవే. అంచుల్లో పగుళ్లు. గాడి ఎంత ఉన్నా రబ్బరు ఎండిపోయింది, మార్చేశాను. ఖర్చంతా ఇక్కడే అయింది. గాలి సంగతికొస్తే బంకులో కుర్రాడు అడక్కుండానే నలభై కొట్టేవాడు. డ్రైవర్ డోరు తెరిస్తే ఉండే స్టిక్కర్ మీద ఎంత కొట్టాలో రాసే ఉంటుంది, టైర్లు వేడెక్కకముందే కొట్టించాలి. స్టెప్నీలో కూడా చూడమని అడగండి, నా దాంట్లో గాలే లేదు.

బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో ఉండాల్సింది సుగంధి షర్బత్‌లా ఉంది. అది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే తొందరగా మరుగుతుంది, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతే ఏం చేస్తాం? రెండేళ్లకోసారి మార్చమంటారు, మార్పించాను. బ్యాటరీ బాగుంది, ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో 14 చూపించింది. ఏసీ ఫిల్టర్ కోసం గ్లవ్ బాక్స్ విప్పితే వేరుశెనక్కాయ తొక్కలు, నమిలేసిన పేపరు ముక్కలు, ఎలుక సంసారం. అప్పటిదాకా ఆ గాలే పీల్చాం. మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

కాగితాలు పెద్ద కష్టం కాలేదు. ఫారం 29, 30 సంతకాలు పెట్టించి ఆర్సీ మార్పించుకున్నాను. ఇన్సూరెన్స్ కూడా నా పేరు మీదికి మార్చమని పధ్నాలుగు రోజుల్లోపే అప్లై చేశాను. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాతాయనదే, మనకి రాదు, ఆ తేడా కట్టాలి.

అంతా అయిపోయిందనుకున్నాక ఒక ఆదివారం పాతాయన ఫోను చేశాడు. "మాస్టారూ, కాజా టోల్ దగ్గర మూడుసార్లు నా డబ్బులు కట్ అయ్యాయండీ." అద్దానికున్న ఫాస్టాగ్ ఆయనదే. గేటు లేస్తోంది కదా అని నేను హాయిగా పోతున్నాను. సిగ్గేసింది, వెంటనే డబ్బులు పంపించి, ఆయన చేత ఆ ట్యాగ్ క్లోజ్ చేయించి కొత్తది తీసుకున్నాను. ఫోను పెట్టేసే ముందు ఉండబట్టలేక అడిగాను, "ఏమండీ, రేడియేటర్‌లో ఏం పోసేవారు?"

"బోరు నీళ్లేనండీ. మినరల్ వాటర్ పోస్తామా ఏంటి?"