చదువుకి చదివింపులు

మే నెల వచ్చిందంటే మా ఫ్రిజ్ తలుపు కనిపించదు. నల్ల గౌను, నెత్తిన పలకలాంటి టోపీ పెట్టుకున్న పిల్లల ఫోటోలతో హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ పిలుపుల కార్డులు అయస్కాంతాల కింద వేలాడుతుంటాయి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో చుట్టూ మనవాళ్ళు అంతమంది మరి. 2025లో ఆరొచ్చాయి, అందులో మూడు ఒకే శనివారం. హైస్కూల్ అయిపోతే ఇంత హడావుడేమిటని మొదట్లో నవ్వేవాణ్ణి.

"ఏమండీ, ఎంత పెడదాం?" అంది మా ఆవిడ కవర్లు ముందేసుకుని.

తెనాలి దగ్గర మా ఊళ్ళో ఈ ప్రశ్నకి జవాబు బీరువాలో ఉండేది. పెళ్ళి పందిట్లో ఓ మూల, అంచులకి పసుపు రాసిన నోటుపుస్తకంతో ఎవరో బాబాయి కూర్చునేవాడు. "ఫలానా వారి చదివింపులు నూట పదహార్లు" అని మైకులో వినిపించేది. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి, వాళ్ళు పెట్టినదానికి ఓ మెట్టు పైన పెట్టడమే. మొహమాటాల్లేవు.

ఇక్కడ కవరు తీసుకెళ్ళి కేకు పక్కనున్న అట్టపెట్టెలో వేస్తాం. ఎవరెంత పెట్టారో పైకి చెప్పరు. అందుకే వారం ముందునుంచీ "మీరెంత పెడుతున్నారు వదినా?" అని ఫోన్లు. ముఖపరిచయానికి 51 డాలర్లు, రాకపోకలుంటే 101 అని తేలింది. మా ఆవిడ మాత్రం 101 ఉత్తరాది లెక్క, మనది 116 అని పట్టుబట్టింది. నిజాం రూపాయలు, అంటే హాలీ సిక్కాలు, 116 ఇస్తే బ్రిటిషు రూపాయలు నూరు వచ్చేవనీ, ఆ మారకమే చదివింపుల్లో నిలిచిపోయిందనీ మా తాత చెప్పేవాడు. 2025 మారకంలో వెయ్యిన్నూట పదహారు రూపాయలంటే పదమూడు డాలర్లు! ఏటీఎం ఇచ్చేది ఇరవైలు. ప్రతి కవరుకీ ఓ పది, ఓ ఐదు, ఓ ఒకటి కావాలి. చిల్లర కోసం బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడ్డాను.

రెండు కవర్లు అయిపోయాయి. మూడోది అన్నయ్యగారబ్బాయిది.

అన్నయ్య నాకు చుట్టం కాదు. 2008లో ఎయిర్‌పోర్టు నుంచి నన్ను తీసుకొచ్చి ఆరువారాలు తన హాల్లో సోఫా ఇచ్చాడు. ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేదని కన్సల్టెన్సీ వాళ్ళు చేతులెత్తేస్తే నా ఫోను బిల్లు తనే కట్టాడు. ఈ పిల్లాడికప్పుడు ఏడాది. డైపర్లు నేనూ మార్చాను. 2025లో వాడు స్కూలు ర్యాంకుల్లో టాప్ సిక్స్ పర్సెంట్, అప్పటి రూలు ప్రకారం ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో సీటు దానంతటదే వచ్చింది. కోరుకున్న బ్రాంచి వస్తుందన్న గ్యారంటీ ఉండదు గానీ వీడికి అదీ వచ్చింది.

"వెయ్యిన్నూట పదహారు డాలర్లు పెడదాం" అన్నాను.

మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే హెచ్‌వన్ వీసావాళ్ళకిచ్చే అరవై రోజుల గడువులో నలభై ఏడో రోజున, తక్కువ జీతానికి ఇంకోటి దొరికింది. ఆ సంగతి ఎత్తుతుందనుకున్నా.

"డబ్బు సంగతి కాదు. రెండేళ్ళలో మనమ్మాయిది వస్తుంది. అప్పుడు వాళ్ళు ఇంతకు తగ్గలేరు. ఆయన రుణం తీరుస్తున్నామనుకుని ఆయన నెత్తినే అప్పు పెడతామా?"

నా దగ్గర జవాబు లేదు. 516 దగ్గర ఆగాం. అంత నోట్లెందుకని చెక్కు రాసి, కవరు మూలన పసుపు బొట్టు పెట్టింది.

పార్టీ అయిన మూడోరోజు ఫోన్ మోగింది. ఫోన్లో డబ్బు పంపే జెల్‌లో నాలుగొందల డాలర్లు వచ్చాయి, అన్నయ్య నుంచి. మెమోలో ఒక్క ముక్క: "వేషాలెయ్యకురా."

మా ఆవిడ తన ఫోన్లో చదివింపుల లిస్టు తెరిచి, 516 చెరిపేసి 116 అని రాసుకుంది.