ఫొటో అట్టుకోమంతావా బాబూ?

పదకొండేళ్లు విశాఖలో ఒక పత్రిక డెస్కులో పనిచేశాను. శ్రీకాకుళం నుంచి వలస వార్త ఏదొచ్చినా హెడ్డింగ్ కోసం తల బద్దలు కొట్టుకునే పని ఉండేది కాదు. ‘పొట్ట చేతపట్టుకుని’. అది కుదరకపోతే ‘బతుకు వలస’. మరీ టైం లేకపోతే ‘సిక్కోలు కన్నీరు’. రైల్వే ప్లాట్‌ఫాం మీద మూటలతో కూర్చున్న జనం ఫొటో ఒకటి కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దాన్ని కనీసం నాలుగుసార్లు వాడి ఉంటాను. అందులో ఉన్నవాళ్లు పనికే వెళ్తున్నారో, చుట్టాల పెళ్లికే వెళ్తున్నారో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. మొన్న జూన్ మొదటి వారంలో ఎచ్చెర్ల మండలం తీరంలో ఒక ఊళ్లో స్నేహితుడి మేనల్లుడి పెళ్లికి వెళ్లాను. పెళ్లికని వెళ్లానే గానీ భుజానికి కెమెరా సంచీ తగిలించుకునే వెళ్లాను. పాత రోగం.

విశాఖలో బస్సెక్కితే భోగాపురం దాటాక పైడిభీమవరం వస్తుంది. ఫార్మా కంపెనీల షిఫ్టు మారే వేళ. బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో నా చెవిన పడిన మాటల్లో సగం హిందీ, పావు ఒడియా. ఒక కుర్రాడు టీ గ్లాసు ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని వీడియో కాల్లో ఎవరికో హైవే చూపిస్తున్నాడు. మా బస్సు కూడా ఆ వీడియోలోకి వెళ్లే ఉంటుంది.

చిలకపాలెం కూడలిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు మాటకారి. పైడిభీమవరం మాట ఎత్తగానే, “ఆ హిందీవోల్లని నమ్మకూడదు బాబూ, టీవీలో రోజూ సూపిస్తన్నారు గదా” అన్నాడు. 2018 మే నెల గుర్తొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలుగు రానివాళ్లని పట్టుకుని కొట్టారు. పుకార్లు నమ్మొద్దని లోపలి పేజీలో వేస్తూనే, ‘ఇతర రాష్ట్రాల ముఠాల సంచారం?’ అని మొదటి పేజీలో ప్రశ్నార్థకం పెట్టి వేసిన డెస్కు మాది. ఆ ప్రశ్నార్థకం పెట్టింది నేనే.

ఇంకాస్త దూరం వెళ్లాక డ్రైవరు తమ్ముడి సంగతి వచ్చింది. చెన్నైలో సెంట్రింగ్ పనట. “అక్కడ మనోల్లకి ఇల్లు అద్దెకియ్యడానికి వంద ప్రశ్నలేస్తారు బాబూ, మనమేదో దొంగలమైనట్టు” అన్నాడు. నేను కిమ్మనలేదు. చెన్నై అనగానే మౌలివాక్కం గుర్తొచ్చింది. 2014 జూన్ 28న అక్కడ కడుతుండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని పల్లెల పేర్లు మా పత్రికలో పడడం బహుశా అదే మొదటిసారి. పేరు ఎలా రాయాలో తెలియక విలేకరికి ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పించుకున్నాం.

ఊళ్లోకి వెళ్లేసరికి ప్రతి వీధిలోనూ పందిరి. ఇక్కడి సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. గుజరాత్ వైపు జూన్ 1 నుంచి మొదలవుతుంది. అంటే జూన్ మొదట్లో రెండు సముద్రాలూ మూతపడి, గుజరాత్‌లోని వీరావల్ రేవుకి వేటకెళ్లిన మగాళ్లంతా ఇంటి దగ్గరుంటారు. పెళ్లిళ్లు, ఇళ్లకు స్లాబులు, అప్పుల లెక్కలు, అన్నీ ఈ రోజుల్లోనే.

పెళ్లింటికి రెండిళ్ల అవతల అరుగు మీద ఒక ముసలమ్మ నా సంచీని తేరిపార చూసింది. ఏమీ అడగకుండా లోపలికెళ్లి, లామినేషన్ చేయించిన ఫొటో ఒకటి తెచ్చింది. గడప మీద కాస్త పక్కకి తిరిగి కూర్చుని, కొంగు నోటి దగ్గరికి జరుపుకుని, “ఫొటో ఇలా అట్టుకోమంతావా బాబూ, కిందకి దించమంతావా?” అంది.

నాకు మాట రాలేదు. ఫొటోలో ఉన్నవాడు పెరట్లో కొత్త బైకు కడుగుతున్నాడు.

విషయం ఏమిటంటే, 2020 లాక్‌డౌన్‌లో వేలమంది ఆంధ్ర జాలర్లు వీరావల్ రేవులో పడవల్లోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖర్లో బస్సులు పెట్టి తీసుకొచ్చేదాకా వాళ్లకి పడవే ఇల్లు. వాళ్లలో ఈమె కొడుకూ ఉన్నాడు. అప్పుడు టీవీవాళ్లు ఊరికొచ్చి ఆడవాళ్లందర్నీ ఇసకలో వరసగా కూర్చోబెట్టి, తలా ఒక ఫొటో పట్టుకోమన్నారట. అంతకుముందు 2018 నవంబరులో ఈ తీరం జాలర్లని పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుపోయి, 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. అప్పుడు కూడా చుట్టుపక్కల ఊళ్లలో ఇదే వరస. “మాకు అలవాటైపోనాది” అంది నవ్వుతూ. ఫొటో తడిసి పాడవుతోందని లామినేషన్ తనే చేయించిందట.

కొడుకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. టీతోపాటు పళ్లెంలో గాంఠియా పెట్టారు, వీరావల్ నుంచి తెచ్చిన గుజరాతీ శనగపిండి కారప్పూస. శ్రీకాకుళం తీరంలో గాంఠియా నములుతూ టీ తాగుతానని నేనెప్పుడూ అనుకోలేదు. అక్కడికెళ్లిన మొదటి సీజన్లో అతను కలాసీ, అంటే పడవ మీద మామూలు పనివాడు. ఇప్పుడు తండేలు. తండేలంటే పడవకి పెద్ద. పడవ నడిపే ఏ సరంగు కింద పని నేర్చుకున్నాడో, పడవ యజమాని సేఠ్ ఇచ్చిన అడ్వాన్సు ఎంతో, ట్రిప్పుకి ఎన్ని రోజులో చెప్పాడు. నేను నా అలవాటు కొద్దీ “మీ ఊరి నుంచి వలస ఎప్పటి నుంచి?” అని అడిగాను.

“వలసేటి? వేటకెల్తాం” అన్నాడు.

మరి ఇక్కడే వేట ఎందుకు చేయరంటే మాత్రం గొంతు మారింది. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోటు వచ్చి కట్టుకునే రేవు లేదు. ఫైబర్ పడవని అలల్లోంచి ఇసక మీదికి లాక్కోవడమే. బోటు మీద పని తెలిసినవాడు దాని కోసం విశాఖో, పారాదీపో, వీరావలో పోవాలి. ఈ తీరంలోనే వస్తుందంటున్న బుడగట్లపాలెం హార్బరు మాట ఎత్తితే, “మా అయ్య కూడా ఇన్నాడు” అని లేచి బైకు దగ్గరికెళ్లిపోయాడు. మా హెడ్డింగుల్లో కన్నీరు చాలా సార్లు పడింది గానీ, జెట్టీ ఎన్నిసార్లు పడిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సుఖంగా ఉన్నారని రాయడం నా ఉద్దేశం కాదు. ఆ ఇంటి కోడలు ఏడాదిలో తొమ్మిది నెలలు పిల్లల స్కూలూ, బ్యాంకూ, అత్తగారి మందులూ అన్నీ ఒక్కతే చూసుకుంటుంది. చిన్నదానికి తండ్రి కొత్త. రెండ్రోజులు దగ్గరికి రాలేదట. ఆ పిల్ల నాకు మాత్రం వెంటనే చేరికైంది, కెమెరా నొక్కనిస్తానని.

బయల్దేరే ముందు అతను బైకు పక్కన నిలబడి ఒక ఫొటో తీయమన్నాడు. తల్లిని కూడా పిలిచాడు. తీసి అక్కడే వాట్సాప్‌లో పంపేశాను. రాత్రి ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, ముసలమ్మ కొడుకు భుజం పక్కన నవ్వుతూ నిలబడి ఉంది. చేతిలో ఆ లామినేషన్ ఫొటో ఇంకా అలాగే ఉంది, తలకిందులుగా.