డ్రైవర్ రాసేవాళ్లకు ఓఎస్ సోర్స్ ఎందుకు కావాలి

ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తూ బ్లూ స్క్రీన్ పడింది. విండోస్ ఎర్రర్ కోడు (బగ్ చెక్) 9ఎఫ్, మొదటి పారామీటర్ 3. అంటే ఏదో డివైస్ ఐఆర్‌పీని (విండోస్ డ్రైవర్లకు పంపే పని రిక్వెస్టును) పట్టుకుని వదలట్లేదు.

చాలాసార్లు తప్పు కేఎండీఎఫ్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్) మీద రాసిన మన డ్రైవర్‌లోనే ఉంటుంది. పవర్ మేనేజ్డ్ క్యూ (డివైస్ పవర్ స్థితిని బట్టి ఫ్రేమ్‌వర్క్ నడిపే రిక్వెస్టుల వరుస) నుంచి తీసుకున్న రీడ్ రిక్వెస్టును హార్డ్‌వేర్ జవాబు కోసం అట్టేపెట్టుకుంటాం, ఈవీటీ ఐఓ స్టాప్ కాల్‌బ్యాక్ (డివైస్ ఆగబోయేటప్పుడు ఫ్రేమ్‌వర్క్ పిలిచే మన ఫంక్షన్) రాయం. ఆ రిక్వెస్టు పూర్తయ్యేదాకా ఫ్రేమ్‌వర్క్ డివైస్‌ను కింది పవర్ స్థితికి దించదు. కాల్‌బ్యాక్ పెట్టి, అందులో రిక్వెస్టును పూర్తి చేయాలి, లేదా స్టాప్ అక్‌నాలెడ్జ్ (రిక్వెస్టు సంగతి చూశామని ఫ్రేమ్‌వర్క్‌కు చెప్పే ఫంక్షన్) పిలవాలి.

ఇది డాక్యుమెంటేషన్‌లో ఉంది. కానీ డీబగ్గర్‌లో కనిపించేది ఫ్రేమ్‌వర్క్ లోపలి కోడ్. మామూలు పబ్లిక్ సింబల్స్‌లో (కోడ్‌లోని పేర్లను డీబగ్గర్‌కు చెప్పే ఫైళ్లలో) ఫంక్షన్ పేర్లుంటాయి, లోకల్ వేరియబుల్స్ ఉండవు. 2015లో మైక్రోసాఫ్ట్ కేఎండీఎఫ్, యూఎండీఎఫ్ 2 (యూజర్ మోడ్ డ్రైవర్ల ఫ్రేమ్‌వర్క్) సోర్సును ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో పెట్టింది. ప్రైవేట్ సింబల్స్ కూడా ఇచ్చింది కాబట్టి విన్‌డీబీజీలో (మైక్రోసాఫ్ట్ డీబగ్గర్‌లో) లైను లైనుగా స్టెప్ చేయొచ్చు. ఎంత సమయం కలిసొస్తుందో!

కెర్నల్ (ఓఎస్ మూలభాగం) సోర్సు మొత్తం ఇవ్వకపోయినా సరే, డ్రైవర్ పిలిచే, డ్రైవర్‌ను పిలిచే ప్రతి పొరా ఇలా బయటికి రావాల్సిందే. సోర్సులో చూసిన స్ట్రక్చర్ ఆఫ్‌సెట్లను (లోపలి డేటా మెమరీలో ఎక్కడుందో చెప్పే అంకెలను) మాత్రం డ్రైవర్‌లో రాసేయకండి. తర్వాతి అప్‌డేట్‌లో అవి మారితే మన డ్రైవర్ పరాయి మెమరీని పాడుచేస్తుంది.