మిట్టమధ్యాహ్నం తీసిన థ్రిల్లర్

విజయనగరంలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్. తీసి ఇస్తే సరిపోదు. ఆ జానర్‌లో అలవాటుగా వచ్చేవాటిలో ఏవి వాడుకున్నాం, ఏవి కాదన్నాం, ఎందుకు అన్నది రాసి కూడా ఇవ్వాలి.

క్లాసులో దాదాపు అందరి స్క్రిప్టుల్లోనూ చీకటి, పాడుబడ్డ ఇల్లు, పరిగెత్తే అమ్మాయి. వాటిని తీసిపారేయలేం. అవి కనబడగానే ప్రేక్షకుడు భయపడటానికి సిద్ధమైపోతాడు. కానీ హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ సినిమా డిసెంబర్ 11, శుక్రవారం, మధ్యాహ్నం 2:43కి మొదలవుతుంది. ఆ టైం తెర మీదే పడుతుంది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. మేమూ పగలే తీద్దామనుకున్నాం.

చీకటి వదిలేశాం కాబట్టి, దాక్కుని చూసేవాడి కళ్లతోనే కెమెరా నడిపించే పద్ధతిని మాత్రం గట్టిగా పట్టుకున్నాం. 1978లో వచ్చిన అమెరికన్ హారర్ సినిమా ‘హాలోవీన్’ మొదలయ్యేది అలాంటి షాట్‌తోనే. రామతీర్థం దారిలో మా ఫ్రెండు వాళ్ల అమ్మమ్మగారిది పాత మండువా ఇల్లు. ఆవిడ నడి వాకిట్లో వడియాలు పెడుతుంటే, కెమెరా స్తంభం చాటు నుంచి మెల్లగా దగ్గరికి వస్తుంది. ఆవిడ తల తిప్పకుండానే, “కాళ్లు కడుక్కుని రా నాయనా, నీకోసమే చూస్తన్నాను” అంటారు. అక్కడితో కట్. టైటిల్.

బలయ్యే మనిషికి ఏమీ తెలియదనేది ఈ జానర్‌లో పాతుకుపోయిన అలవాటు. మేం కాదన్నది దాన్నే. ఆ మాట వినగానే ఎవరు ఎవరికోసం కాచుకుని ఉన్నారో తేలదు.

పగటి షూటింగ్ తేలిక కాదు. కదలిక సహజంగా కనబడాలని షటర్ స్పీడు సెకనులో 1/50 వంతు దగ్గర పెడితే, ఆ ఎండకి ఫోన్‌లో ముగ్గు గీతలు కూడా కనబడనంత తెల్లబారిపోయింది. మా ఫోన్ లెన్స్‌కి ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, తగ్గించే వీలు లేదు. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లెన్స్‌కి తగిలించాకే స్తంభం నీడకి నలుపు వచ్చింది.

అయినా సౌండ్ లేకుండా చూపిస్తే ఎవరికీ భయం వేయలేదు. వంటల వీడియోలా ఉందన్నారు. అప్పుడు జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ జముకుల కథ చెప్పే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. “కథ నేకుండా ఉట్టి మోతేటి బాబూ?” అని ఆశ్చర్యపోయారు. విషయం చెప్పాక జముకు చంకలో పెట్టుకుని, తీగ బిగిస్తూ వదులుతూ మీటారు. ఆ మూలుగు లాంటి నాదం బిగువు పెరిగేకొద్దీ పైకి లేస్తుంది. మా ఉత్తరాంధ్ర వాళ్లకి అది పండగల్లో, జాతరల్లో విన్న చప్పుడే. వడియాల మీద అది వినబడేసరికి క్లాసంతా కిమ్మనలేదు. వయొలిన్లు పెట్టి ఉంటే ఇంత పనిచేసేది కాదని నా గట్టి నమ్మకం.

“జముకు వాడటం జానర్‌ని పాటించడమా, ఎదిరించడమా?” అని వైవాలో మేడం అడిగారు. రెండూ అన్నాను. తీగ బిగిసేకొద్దీ ఉత్కంఠ పెంచడం థ్రిల్లర్లలో ఎప్పటినుంచో ఉన్నదే, ఆ తీగ మాత్రం మా ఊరిది. ఆవిడ ఒప్పుకున్నారు. ఇప్పుడు మిగతా కథ రాస్తున్నాం, అందులోనూ రాత్రి సీను ఒక్కటి కూడా పెట్టడం లేదు.