ఎక్కడ ఆపాలో కూడా చెప్పండి

మంగళవారం, రాత్రి.

ఈ రోజూ అదే ప్రశ్న: "ఏదైనా మంచి సీరియల్ ఉంటే చెప్పండి." జవాబులూ అవే. "సూపరు", "మొదటి నుంచీ చూడు", "హీరోయిన్ కోసమైనా చూడాలి". వీటిలో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. సినిమా అయితే నచ్చకపోయినా రెండున్నర గంటలతో పోతుంది. హిందీ సీరియల్ 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' 2000 నుంచి 2008 దాకా 1833 ఎపిసోడ్లు నడిచింది. ప్రకటనలు పోగా ఒక్కోటి 22 నిమిషాలు అనుకున్నా 670 గంటల పైమాటే. రోజుకు రెండు గంటల చొప్పున కూర్చుంటే పదకొండు నెలలు. దాన్ని పట్టుకుని "మొదటి నుంచీ చూడు" అనేవాళ్లకి ఓ దణ్ణం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపేయాలో రెండూ చెప్తేనే అది సలహా.

ఆపే చోటు ఎందుకంటే, డైలీ సీరియల్‌కి ముగింపు ముందే రాసిపెట్టి ఉండదు. రేటింగ్ ఉన్నన్నాళ్లూ కథ ఉంటుంది. అసలు చిక్కు విడిపోయాక కూడా బండి నడవాలంటే ఉన్న దారులు కొన్నే: కొత్త విలన్, గతం మర్చిపోవడం, చచ్చినవాళ్లు తిరిగిరావడం, లేదంటే లీప్, అంటే కథ ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకు దూకడం. లీప్ పడిందంటే పాత సీరియల్ అయిపోయి, అదే పేరుతో ఇంకోటి మొదలైందని లెక్క. 'కార్తీక దీపం' 2022లో దీప, కార్తీక్‌లను ప్రమాదం పేరుతో తప్పించి వాళ్ల కూతుళ్లు హిమ, సౌర్యలను పెద్దవాళ్లను చేసింది. కొన్ని నెలలకే దీపను మళ్లీ తీసుకురావలసి వచ్చింది. కొత్తగా చూసేవాళ్లకు ఆ లీప్ దగ్గరే గీత గీసి ఇవ్వడం మంచిది.

అమెరికా సీరియల్ 'డల్లాస్' ఇంతకన్నా ఘనకార్యం చేసింది. బాబీ వేషం వేసిన పాట్రిక్ డఫీ 1985లో మానేస్తే పాత్రను చంపేశారు. 1986లో ఆయన తిరిగొచ్చేసరికి, మధ్యలో నడిచిన సీజన్ మొత్తం పామ్ అనే పాత్రకి వచ్చిన కల అని తేల్చేశారు! అంటే 1985-86 సీజన్‌ను అమాంతం దాటేసినా కథలో పోయేదేమీ లేదు. ఇలాంటిది ముందే చెప్తే కొందరు స్పాయిలర్ అని గొడవ పెడతారు గానీ, అది ఉపకారమే.

"మొన్నటిదాకా బాగుండేది, ఈ మధ్యే పాడైంది" అన్న మాట కూడా రోజూ వినబడేదే. ఎందుకు పాడైందో టైటిల్స్‌లోనే దొరుకుతుంది, ఎవరూ చూడరు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని పేర్లు విడివిడిగా పడతాయి. మాటలు రాసేవాళ్లు మారితే పాత్రల నోరు మారుతుంది: పొడిపొడిగా మాట్లాడే అత్తగారు ఉన్నట్టుండి సామెతలు మొదలుపెడుతుంది. స్క్రీన్‌ప్లే చెయ్యి మారితే ట్రాకులు, అంటే నడుస్తున్న పిల్లకథలు, మధ్యలోనే తెగిపోతాయి. ఉత్తరం ఎవరు దాచారని నెల్లాళ్లు వెతికి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తరు. నటుడి డేట్లు దొరకలేదనుకోండి, ఆ పాత్ర ఫోన్లోనే మాట్లాడుతుంది, లేదా పనిమీద ఊరెళ్తుంది, మరీ ఎక్కువ రోజులైతే కోమాలోకి పోతుంది. ఈ చివరిదానికి రెండు వారాలు ఓపిక పట్టొచ్చు. ట్రాకులు తెగడం మాత్రం నయమయ్యే జబ్బు కాదు.

కొత్త సీరియల్‌ను రుచి చూడాలంటే వారాంతపు ఎపిసోడ్ పనికిరాదు. సెలవు రోజు దాటించాలి కాబట్టి చివర్లో పెద్ద బాంబు పెడతారు. సోమవారం మొదటి ఐదు నిమిషాల్లో అది తుస్సుమంటుంది. అందుకే సోమవారం నుంచి వరసగా ఐదు చూడాలి. మొదట్లో వచ్చే నిన్నటి కథ దాటేయొచ్చు. చివర్లో వేసే రేపటి ముక్కను నమ్మకూడదు, అందులో పడిన చెంపదెబ్బ సగం సార్లు ఎవరి ఊహో అయి ఉంటుంది. చూస్తూ ఒక్క లెక్క పెట్టుకోవాలి: ఏ పాత్రకైనా నిన్న తెలియని సంగతి ఈ రోజు తెలిసిందా? ఐదు ఎపిసోడ్లు కలిపి అలాంటివి మూడు కూడా లేకపోతే సాగదీతే. కెమెరా ఒకే మాటకి ఏడుగురి ముఖాలు మూడేసి సార్లు చూపించడం రోగం కాదు, దాని లక్షణం.

ఎపిసోడ్ నంబరు చెప్పి సలహా ఇవ్వడంలో ఇంకో తిరకాసు ఉంది. టర్కీ డ్రామాలు వాళ్ల టీవీలో వారానికొకటి, రెండు గంటలకు పైగా వస్తాయి. బయటి దేశాలకు అమ్మేటప్పుడు ముప్పావు గంట ముక్కలుగా కోస్తారు. 'మనీ హైస్ట్' మొదటి కథ 2017లో స్పెయిన్ టీవీలో 15 ఎపిసోడ్లు. నెట్‌ఫ్లిక్స్‌లో అదే 22. కాబట్టి "పదో ఎపిసోడ్ దాకా ఓర్చుకో" అంటే ఒకరికి ఒక చోటు, ఇంకొకరికి ఇంకో చోటు. నంబరు బదులు సన్నివేశం చెప్పాలి: ఫలానా పెళ్లి ఆగిపోయేదాకా, ఫలానా తండ్రి ఇంటికొచ్చేదాకా.

కొరియా వాటితో ఈ తలనొప్పి తక్కువ. చాలావాటికి పదహారు ఎపిసోడ్లే, గంటపైన ఒక్కోటి, ముగింపు ఖాయం. పది, పదమూడు మధ్య కాస్త నీరసిస్తాయి, అంతే.

పొద్దున అడిగినవాళ్లకి మటుకు కామెడీ సీరియల్ 'అమృతం' చెప్పాలి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఏ కథకి ఆ కథ, మొదటి నుంచే చూడాలని లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం. కొన్ని కథలు రెండు భాగాలు, రెండోది ముందు తగిలితే వెనక్కి వెళ్లాలి. ఇంకోటి, హీరో అమృతంగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. మనిషి మారాడేమిటని కంగారుపడకుండా అతని స్నేహితుడు అంజిని చూసుకోవాలి. ఆ వేషం వేసిన గుండు హనుమంతరావు మాత్రం మారలేదు.